బిలాస్‌పూర్ రైలుపేటలో తీపి మాటలు

ఒక భాషలోనికి పరభాషా పదాలు రెండు ద్వారాల గుండా వస్తాయి. మొదటిది కచేరీ ద్వారం. రెండవది వంటింటి ద్వారం. కోర్టు, కలెక్టరు, సమను, నోటీసు వంటివి మొదటి ద్వారం గుండా వచ్చినవి. వాటి వెనుక అధికారం ఉన్నది కనుక పండితులు వాటి చరిత్రను శ్రద్ధగా పరిశీలించారు. బన్ను, కేకు, బిస్కట్టు, టిఫిను వంటివి రెండవ ద్వారం గుండా వచ్చినవి. వాటి వెనుక ఆకలి, ఆప్యాయత మాత్రమే ఉన్నాయి కనుక కాబోలు, వాటిని గూర్చిన విచారణ తక్కువగా జరిగింది. అయితే కచేరీ మాటను మనిషి అవసరం కొద్దీ నేర్చుకుంటాడు. వంటింటి మాటను ఇష్టంతో నేర్చుకుంటాడు. ఇష్టంతో నేర్చిన మాటే కాలక్రమాన లాలన మాటగా మారుతుంది. ఈ పరిణామాన్ని గమనించడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం తగిన స్థలం.

అర్పా నదీతీరాన ఉన్న ఈ ఊరు రైల్వే కూడలిగా రూపొందడానికి మూలం బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఈ కంపెనీ అంతకుముందే ఉన్న నాగపూర్-ఛత్తీస్‌గఢ్ మీటరుగేజి మార్గాన్ని తీసుకొని, బ్రాడ్‌గేజికి మార్చి, బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు పొడిగించింది. 1891 నాటికి ఆ మార్గం పూర్తయింది. కట్నీ వైపు సాగిన శాఖ కూడా తోడై బిలాస్‌పూర్ కూడలి అయింది.

తెలుగువారు ఇంత దూరం రావడానికి కారణం కూడా ఆ కంపెనీ చరిత్రలోనే ఉన్నది. తూర్పు తీర రైలుమార్గంలోని ఉత్తర భాగం, అనగా కటక్ నుండి వాల్తేరు వరకు గల భాగం, 1902లో ఇదే కంపెనీ చేతికి వచ్చింది. ఆ విధంగా వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. కొలువు ఒక చోట దొరికితే బదిలీ మరొక చోటికి. తూర్పు కనుమలను దాటే రాయపూర్-విజయనగరం మార్గం 1931 నాటికి పూర్తికావడంతో రాకపోకలు మరింత సుగమమయ్యాయి. నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల పల్లెల నుండి వచ్చిన కుటుంబాలు రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డాయి. 1944 అక్టోబరు 1న కంపెనీ ప్రభుత్వపరమైంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2003 ఏప్రిల్ 1 నుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది. బోర్డుల మీద పేర్లు మారాయి గాని, వలస వచ్చిన ఇళ్లలో పొయ్యి ఆరలేదు.

ఈ కుటుంబాలు బయలుదేరిన సీమకు ఇంగ్లీషు ముచ్చట కొత్త కాదు. 1897లో తొలిసారి అచ్చయిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ విజయనగర ప్రాంతపు నాటకమే. అందులో శిష్యుడైన వెంకటేశాన్ని గిరీశం ఇంగ్లీషు గారాబపు మాటలతో పిలుస్తూ మురిపిస్తాడు. అక్కడ ఇంగ్లీషు ముద్దుమాట ఆడంబరం. కొంతవరకు మోసానికి ముసుగు. బిలాస్‌పూర్‌లో అదే భాష వేరొక వేషంతో, చేతిలో పళ్లెం పట్టుకొని వచ్చింది.

మొదట అది స్టేషనులో ఎదురైంది. 1903లో వచ్చిన తేయాకు సుంకపు చట్టం వల్ల సమకూరిన ధనంతో తేయాకు వర్తకులు ప్రచారం సాగించారు. తరువాతి దశాబ్దాలలో రైల్వే స్టేషన్లు ఆ ప్రచారానికి ముఖ్య స్థానాలయ్యాయి. కప్పు, సాసరు, కెటిలు అనే మాటలు తేనీటి ఆవిరితో పాటు వచ్చాయి. రిఫ్రెష్‌మెంటు గదుల నుండి టోస్టు, ఆమ్లెట్టు, కట్లెట్టు వచ్చాయి. వండినవాడు, మోసినవాడు, తిన్నవాడు, వాసన మాత్రమే చూసినవాడు, అందరూ ఆ మాటలు నేర్చుకున్నారు.

తరువాత ఇరుగుపొరుగు. ఆనాడు డ్రైవర్లు, గార్డులుగా ఆంగ్లో-ఇండియనులు అధికంగా ఉండేవారు. క్రిస్మస్ నాడు వారి ఇళ్లలో తయారయ్యే పిండివంటలలో ‘రోజ్ కుకీ’ ఒకటి. అచ్చును పిండిలో ముంచి నూనెలో వేయించే ఆ వంటకం తెలుగు ఇంటికి అపరిచితం కాదు. మనవారు దానిని గులాబీ పువ్వులు అంటారు. నాలుక ముందే ఎరిగిన దానికి చెవి మరొక పేరు నేర్చుకోవడమే ఇక్కడి విద్య. మాట నేర్చుకోవడంలో ఇంతకు మించిన సుఖమార్గం లేదు.

ఆ తరువాత ఆసుపత్రి. తెలుగు ఇళ్లలో బ్రెడ్డు చాలాకాలం రోగి పథ్యంగానే చెలామణి అయింది. జ్వరం తగిలితే పాలలో బ్రెడ్డు. చూడ వచ్చినవారి సంచిలో బ్రెడ్డు, బత్తాయిలు. ఇంగ్లండులో అనుదిన భోజనాన్ని తెలిపే మాట మన ఇంట తలాపున కూర్చున్న తల్లి చేతిని గుర్తుచేసే మాటగా మారింది. నిఘంటువులో ఈ అర్థం దొరకదు. జ్వరపడి లేచిన ప్రతి తెలుగు బిడ్డకూ ఇది తెలుసు.

ఇలా వచ్చిన మాటలను తెలుగు ఏ విధంగా స్వీకరించిందో చూస్తే దాని ఆతిథ్య ధర్మం బోధపడుతుంది. హల్లుతో ఆగిపోయే మాట మన నోట ఇమడదు. కనుక దానికొక ఉకారం చేర్చి, అవసరమైతే హల్లును ద్విత్వం చేసి, కేకు, బన్ను, బిస్కట్టు అని పిలుచుకున్నాం. అటుపై కేకులు, బన్నుకి, బిస్కట్లతో అంటూ మన విభక్తులను తొడిగాం. అతిథికి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి లోపలికి పిలిచినట్లే ఇది.

కొన్ని మాటలు ఒకే పట్టణంలో రెండు అర్థాలతో తిరుగుతాయి. ‘టిఫిను’ అందుకు మంచి ఉదాహరణ. యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ మాటను వేళగాని వేళ తినడం, తాగడం అనే అర్థంగల ఒక ఇంగ్లీషు వాడుక పదంతో ముడిపెట్టింది. తెలుగు ఇంట టిఫిను అంటే ఇడ్లీ, దోసె, ఉప్మా. హిందీ ఇంట అదే మాటకు డబ్బాలో కట్టిన భోజనమని అర్థం. ‘టిఫిను అయిందా?’ అని తెలుగు ఇల్లాలు అడిగితే, పక్కింటి పిల్లవాడు తన డబ్బా మూత తెరిచి చూపించే అవకాశం ఉన్నది. నవ్వుతో ముగిసే అటువంటి పొరపాట్లే భాషా బోధనలో మొదటి పాఠాలు.

ఇక లాలన సంగతి. ఇంగ్లీషువారు ప్రియమైన వారిని తిండి పేర్లతో పిలవడం చిరకాల సంప్రదాయం. ‘హనీ’ అనే పిలుపు 14వ శతాబ్దం నుండి ఉన్నది. ‘స్వీట్‌హార్ట్’ అంతకంటె పాతది. ‘షుగర్’, ‘పంప్కిన్’, ‘కప్‌కేక్’ తరువాత వచ్చినవి. మాట అర్థం తెలిసినంత మాత్రాన దానిని వాడే హక్కు రాదని ఈ పిలుపులు నేర్పుతాయి. ‘హనీ’ అని తల్లి బిడ్డనూ పిలవవచ్చు, భార్య భర్తనూ పిలవవచ్చు. అపరిచితుడు అంటే అది అనాదరం. ‘టార్ట్’ అనే మాట మరీ విచిత్రం. జామ్ నింపిన ఆ చిన్న వంటకం పేరు 19వ శతాబ్దంలో ముద్దుపేరుగా మొదలై, ఆ శతాబ్దం ముగియక ముందే స్త్రీని కించపరచే నిందగా దిగజారింది. తీపి కూడా నిలవ ఉంటే పులుస్తుంది.

పిల్లలకు బడిలో ఇంగ్లీషు మొదటి అక్షరంతో పాటు వచ్చే పండు ఆపిల్. ఇంగ్లీషులో మిక్కిలి ప్రియమైన వారిని ‘కంటి ఆపిల్’ అనడం కూడా కద్దు. ప్రాచీన ఆంగ్లంలో కంటి నల్లగుడ్డుకు ఆపిల్ అని పేరు. గుడ్డు గుండ్రని ఘనపదార్థమని ఆనాటివారు భావించడమే అందుకు కారణం. తెలుగు తల్లికి దీనిని బోధించనక్కర లేదు. ఆమె తన బిడ్డను ‘నా కంటిపాప’ అని ఎన్నడో పిలిచింది.

నిజానికి తినుబండారాలతో ముద్దు చేయడం మనకు కొత్త కాదు. పుట్టిన శిశువు పండంటి బిడ్డ. ఆ బిడ్డవి పాలబుగ్గలు. కొంచెం ఒళ్లు చేస్తే బూరెబుగ్గలు. మనసు వెన్న; మాట తేనె. అల్లారుముద్దుగా పెరిగే ఆడపిల్ల పంచదార చిలక. దాంపత్యంలో మాత్రం మన పెద్దలు మాటను దాచుకున్నారు. భార్య ‘ఏమండీ’ అన్నది. భర్త ఆమెను పేరు పెట్టి పిలవడానికైనా వెనుకాడాడు. అక్కడ ప్రేమ పిలుపులో గాక, విస్తరిలో కొసరి వడ్డించిన ముద్దలో వ్యక్తమైంది. ఇంగ్లీషు భాష నోటితో చెప్పిన దానిని మన ఇల్లాలు గరిటెతో చెప్పింది.

ఛత్తీస్‌గఢ్ నేల ఈ విషయంలో ఒక మెట్టు ముందున్నది. ఇక్కడ ‘మితాన్’ అనే స్నేహబంధపు ఆచారం ఉన్నది. కులాన్ని, రక్తసంబంధాన్ని మించి ఇద్దరు వ్యక్తులు జీవితాంతం నిలిచే మైత్రిని ఈ ఆచారంతో కట్టుకుంటారు. రథయాత్ర సమయంలో ప్రసాదంగా ఇచ్చే మొలకెత్తిన పెసలను ఇచ్చిపుచ్చుకొని మైత్రి చేసుకున్నవారు అటుపై ఒకరినొకరు ‘గజామూంగ్’ అని పిలుచుకుంటారు. జగన్నాథుని మహాప్రసాదంతో మైత్రి చేసుకున్నవారు ‘మహాప్రసాద్’ అని పిలుచుకుంటారు. అసలు పేరుతో పిలవరు. పంచుకున్న ముద్దే పేరుగా నిలుస్తుంది. పూరీ జగన్నాథుని ఎరిగిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఈ పిలుపు పరాయిది కాజాలదు. చద్దన్నాన్ని ‘బాసీ’ అని, అరిసెకు దగ్గరి బంధువైన వంటకాన్ని ‘అయిర్సా’ అని పిలిచే ఈ సీమలో తెలుగువారికి ఇరుగుపొరుగు పళ్లెం నుండే పరిచయమైంది.

ఇంగ్లీషు తీపి మాటల వెనుక మరొక ముచ్చట ఉన్నది. ‘షుగర్’ మన శర్కరయే. పారశీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు చేరింది. ‘క్యాండీ’ మన ఖండమే, అనగా కలకండ ముక్క. వేల క్రోసులు ప్రయాణించి, గౌనులు ధరించి, ఆ మాటలు రైలు దిగి మన గుమ్మంలో నిలిచాయి. వింత ఏమనగా, ప్రియురాలిని ‘షుగర్’ అని పిలిచే భాష నుండి తిరిగి వచ్చిన ఆ పదం నేడు తెలుగు ఇంట ఒక వ్యాధికి పేరైంది. ‘ఆయనకు షుగరు’ అంటే అది ముద్దు కాదు, పథ్యం. మాటలకు కూడా బదిలీలు తప్పవు. బదిలీతో హోదా మారుతుంది.

ఇంతకూ ఈ చరిత్ర వల్ల ప్రయోజనమేమి? నేడు బిలాస్‌పూర్ తెలుగు కుటుంబాలలో వలస వచ్చినవారి మనుమలు, మునిమనుమలు హిందీ, ఇంగ్లీషు నేర్చి, వీధిలో ఛత్తీస్‌గఢీ విని పెరుగుతున్నారు. స్వస్థలానికి దూరమైన ఏ సమాజంలోనైనా మాతృభాష సాధారణంగా ఒక క్రమంలో జారిపోతుంది. మొదట లిపి పోతుంది, తరువాత గ్రంథం, ఆ తరువాత కథ. చివరివరకు అంటిపెట్టుకొని ఉండేవి తిండి పేర్లు, ముద్దు పేర్లు. బువ్వ, అప్పచ్చి, తాయిలం, గోరుముద్ద: ఇవి కోటలోని ఆఖరి బురుజు. ఆ బురుజులోనికి కూడా నేడు స్వీటీ, హనీ, చెర్రీ అనే పేర్లు చేరాయి. చేరడంలో తప్పు లేదు. బన్నును, కేకును ఆదరించిన వంటిల్లే అది. అయితే ఆనాడు కేకు వచ్చినందుకు అరిసె వెళ్లిపోలేదు. గులాబీ పువ్వుకు రోజ్ కుకీ అనే రెండవ పేరు వచ్చింది గాని, మొదటి పేరు చెరగలేదు. తాయిలం అనే మాట చెరిగిపోతే దానికి సమానమైన మాట మరొక భాషలో దొరకదు. అందులో తినుబండారం మాత్రమే గాక, దానిని కొంగున దాచి తెచ్చిన పెద్దల ఎదురుచూపు కూడా ఉన్నది.

సి.పి. బ్రౌన్ దొర తెలుగులో వాడుకైన అన్యదేశ్యాలకు, మిశ్రభాషా పదాలకు 1854లో ప్రత్యేక నిఘంటువునే కూర్చాడు. పరభాషా పదం తెలుగులో ఉన్నంత మాత్రాన అది విచారణకు అనర్హం కాదని ఆయన గ్రహించాడు. ఆ దృష్టితో రైల్వే పట్టణాల వంటింటి పదకోశం ఒకటి నేడు అవసరం. దానికి పెద్ద వ్యయం అక్కరలేదు. రైల్వే పాఠశాలల్లోని పిల్లలు తమ అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి, ప్రతి వంటకానికి తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, ఇంగ్లీషు పేర్లను, వాటితో ఎవరిని ఎవరు ఎప్పుడు పిలిచేవారో అన్న సంగతిని రాసి పెట్టుకుంటే చాలు. పేరుతో పాటు పిలుపును కూడా నమోదు చేయడమే ఇందులో ముఖ్యం. ఆ పిలుపులు ఎరిగిన పెద్దలు ఇళ్లలో ఉండగానే ఈ పని జరగాలి.

పిల్లలు ఇంగ్లీషు నేర్వవలసినదే; బాగా నేర్వవలసినదే. ‘హనీ’ అంటే తేనె అని మాత్రమే గాక, ఆ పిలుపు ఎక్కడ తీపి, ఎక్కడ చేదు అన్నది కూడా వారికి తెలియాలి. ఆ వివేకాన్ని బోధించగల గురువు తరగతి గదిలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. రైల్వే క్వార్టరు వంటింట్లో, పాలబుగ్గల మనుమడికి తాయిలం అందిస్తూ, తప్పక ఉంటుంది.