మరచెంబూ, మంచుకొండా

మా అమ్మమ్మ కాశీ వెళ్ళినా కాకినాడ వెళ్ళినా వెంట మరచెంబు వుండవలసిందే. పైవూరి నీళ్ళు తనకు పడవనేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. అదే స్విట్జర్లాండ్ అయితే ఆ చెంబుతో పనేముంది, కొండమీద మంచు కరిగి నేరుగా కుళాయిలోకే వస్తుంది కదా అనుకునేవాళ్ళం. జెర్మాట్ కథ చదివాక నా నవ్వు కాస్త తగ్గింది.

జెర్మాట్, మాటర్‌హార్న్ శిఖరం కింద వున్న చిన్న వూరు. 4,478 మీటర్ల ఆ శిఖరాన్ని 1865లో వింపర్ అనే ఇంగ్లీషాయన బృందం మొదటిసారి ఎక్కింది. ఎక్కినవాళ్ళు ఏడుగురు. దిగుతూండగా తాడు తెగి నలుగురు పోయారు. చిత్రమేమిటంటే, ఆ ఘోరంతోనే వూరికి మరింత పేరొచ్చింది. అయితే అది కంటికి కనిపించే ప్రమాదం. నూరేళ్ళకు రెండేళ్ళు తక్కువగా, 1963లో వచ్చిపడ్డది కనిపించని రకం.

చలికాలం. మంచుమీద జారే ఆటలకోసం దేశదేశాలనుంచి జనం వచ్చి హోటళ్ళు కిటకిటలాడుతున్నాయి. తాగేనీటిలో మురుగు కలిసింది. టైఫాయిడ్! మొత్తం 437 మందికి సోకింది, ముగ్గురు చనిపోయారు.

ఇంతమందికి వస్తూంటే వెంటనే తెలియలేదా అంటారేమో. అక్కడే వుంది తిరకాసు. టైఫాయిడ్ క్రిమి కడుపులో పడ్డాక వారం నుంచి మూడు వారాలదాకా కిమ్మనదు. విహారానికి వచ్చినవాళ్ళు వుండేది వారమో రెండు వారాలో. నీళ్ళు తాగింది అక్కడ, మంచమెక్కింది యింటి దగ్గర! ఒక్కొక్క వూళ్ళో ఒక్కొక్క డాక్టరు, ఆయన ముందు ఒక్క జ్వరం. ఇవన్నీ ఒకే కుళాయి చలవేనని తెలియాలంటే, "ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళొచ్చారా?" అని ఎవరో ఒకరు అడగాలి. తెలిసినవాళ్ళు కూడా బయటపెట్టడంలో ఆలస్యం చేశారని తరవాత విమర్శలొచ్చాయి. సీజనులో వూరు మూసేస్తే హోటలు యజమానికే కాదు, దుప్పట్లు ఉతికే మనిషికీ కూడే పోతుంది. అందుకని నోరు మూసుకోవడం న్యాయమని నేననను గానీ, ఆ భయం అర్థం కానిది మాత్రం కాదు.

ఇబ్సెన్ 1882లోనే యీ కథ నాటకంగా రాసి పెట్టాడు. ఆరోగ్యంకోసం జనం వచ్చే స్నానఘట్టాల నీరు కలుషితమని చెప్పిన డాక్టరు వూరందరికీ శత్రువైపోతాడు. సత్యజిత్ రాయ్ 1989లో దాన్నే 'గణశత్రు'గా తీస్తూ, స్నానఘట్టాల చోట గుడి తీర్థం పెట్టాడు. తీర్థంలో క్రిములున్నాయంటే మనవూళ్ళో మాత్రం వూరుకుంటారా!

నీళ్ళు కాచుకుంటే సరిపోతుంది కదా అనకండి. 1973లో స్పెయిన్‌లోని బెనిడోర్మ్‌కు వెళ్ళిన స్కాట్లండు యాత్రికుల్లో ముగ్గురు ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. కారణం అప్పుడెవరికీ అంతుపట్టలేదు. 1976లో అమెరికాలో, ఫిలడెల్ఫియా హోటల్లో మాజీ సైనికుల సభకు వచ్చినవాళ్ళు అదే తీరున పడిపోయాక, 1977లో క్రిమి దొరికింది. బెనిడోర్మ్‌వాళ్ళదీ ఆ జబ్బేనని తరవాత తేలింది. లీజియనేర్స్ జబ్బంటారు. గొట్టాల్లో నిలవుండి గోరువెచ్చబడ్డ నీటిలో యీ క్రిమి పెరుగుతుంది. షవరు తుంపరతో ఊపిరిలోకి పోతుంది. అమ్మమ్మ మరచెంబు యిక్కడ పనికిరాదు.

మొన్న మా మేనకోడలు స్విట్జర్లాండ్ ప్రయాణమైతే యిదంతా చెప్పుకొచ్చాను. "ఇప్పుడక్కడ కుళాయి పట్టుకునే తాగేస్తారత్తయ్యా" అంది. అదీ నిజమే. "సరేగానీ, వచ్చాక జ్వరం తగిలితే, ఎక్కడికెళ్ళొచ్చావో డాక్టరుకు ముందే చెప్పు" అన్నాను. "అలాగేలే" అంటూ సూట్‌కేసుమీద కూర్చుని మూత నొక్కింది.