దూది కూరిన మాటలు

బట్టలకు సంబంధించిన మాటలు కొన్ని నాటకరంగ మెక్కి కూర్చుండుట ఇంగ్లీషు భాషలో నొక వింత. "బాంబాస్ట్" అనగా నేడు సారము లేని ఆడంబరపు పలుకు. మొదట దాని యర్థము దూది. ప్రత్తిని దెలుపు లాటిను పదము ఫ్రెంచి మీదుగా వచ్చి యీ రూపము దాల్చినది.

16వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇంగ్లండులోని సొగసుకాండ్రు "డబ్లెట్" అను బిగువు చొక్కాకు లోపల దూది కుట్టించి, బొజ్జ లేనివారును బొజ్జ దెచ్చుకొనెడివారు. ఫిలిప్ స్టబ్స్ అను నీతివాది 1583లో ప్రకటించిన గ్రంథమున, ఒక్కొక్క చొక్కాలో నాలుగు, అయిదు, ఆరు పౌనుల దూది కూరుచున్నారనియు, తొడిగినవారు నేలకు వంగుటయే కష్టమగుచున్నదనియు మొఱపెట్టెను. ఆరు పౌనులనగా రెండున్నర కిలోలకు పైమాట! అందుకై వారు దర్జీకి కూలి కూడ నిచ్చుకొనిరి.

తొమ్మిదేండ్లకు, 1592లో, రాబర్ట్ గ్రీన్ మరణానంతరము ఆయన పేర వెలువడిన చిన్న పుస్తక మొకటి, ఒకానొక నటుడు పద్యములకు దూది కూరుచున్నాడని యెత్తిపొడిచెను. ఆ నటుడు షేక్స్పియరే యని పండితుల తలంపు. చొక్కాలోని దూది యిట్లు కవిత్వములోనికి వచ్చినది. నార పడుగు, ప్రత్తి పేకగా నేసిన "ఫస్టియన్" బట్టకును అదే గతి పట్టి, అదియు డంబపు మాటలకు పేరైనది.

"ఫ్లఫ్" వీని తరువాత వచ్చినది. అది బట్టనుండి రాలు నూగు. 19వ శతాబ్ది చివర నటులు, రంగముపై మాట తడబడుటను ఈ పదముతో చెప్పుకొనసాగిరి. పిమ్మట తేలిక వినోదమునకే అది పేరైనది.

కాని కూరిన దూది వేఱు, రాలిన నూగు వేఱు. మొదటిది లేని కండను ఉన్నట్లు చూపును. రెండవది యెవరిని మోసగించును? పిల్లలు హాస్యనాటిక చూచి నవ్విరని కోపించు పెద్దలే, సభలో గంటసేపు దూది కూరిన యుపన్యాసమునకు చప్పట్లు కొట్టుదురు.

ఒక విషయమును నిశితముగా పరిశీలించుటను మన తెలుగువారు "దూది యేకినట్లు ఏకుట" యందురు. ఏకువాడు దూదిని పాఱవేయడు. ముద్దలు విప్పి, నలక రాల్చి, వడకుటకు అనువుగా చేయును. స్టబ్స్ సైతము తన గ్రంథపు మొదటి ముద్రణ పీఠికలో, నాటకము లన్నియు చెడ్డవి కావని కొంత యొప్పుకొనెను. తరువాతి ముద్రణలలో ఆ పీఠిక లేదు.