కూల్‌డ్రింక్ తాగేశాక ఆ సీసా సంగతేంటి?



వార్షికోత్సవం అయిన మర్నాడు పొద్దున పిల్లలూ నేనూ మైదానం శుభ్రం చేస్తే రెండు గోనె సంచులు నిండాయి. అన్నీ కూల్‌డ్రింక్ సీసాలే. వాటిని తెప్పించింది పాఠశాలే. కాబట్టి తప్పు మాది. ఆ సీసాల గురించి అందరం తెలుసుకోవాల్సినవి కింద రాస్తున్నాను.

దేనితో చేస్తారు?
ఈ సీసా "పెట్" అనే ప్లాస్టిక్. పూర్తి పేరు పాలిఇథిలీన్ టెరిఫ్తాలేట్. సీసా మీద త్రికోణంలో 1 అంకె ఉంటే అది పెట్ అని గుర్తు. కూల్‌డ్రింక్‌లో కలిపిన కార్బన్ డయాక్సైడ్ లోపలి నుంచి గట్టిగా తోస్తుంది. ఆ ఒత్తిడికి ఉబ్బిపోకుండా సీసాను నీళ్ల సీసా కన్నా మందంగా, అడుగున పూరేకుల్లాంటి కాళ్లతో చేస్తారు. మూత మాత్రం వేరే ప్లాస్టిక్.

పిల్లలూ, ఒక చిన్న పరీక్ష చేయండి. పెద్దవాళ్ల చేత సీసా ముక్క కోయించి, మూతతో పాటు బకెట్ నీళ్లలో వేయండి. ముక్క మునుగుతుంది, మూత తేలుతుంది. రీసైక్లింగ్ కర్మాగారంలో కూడా రెంటినీ ఇలాగే వేరు చేస్తారు.

పారేస్తే ఏమవుతుంది?
సీసా కుళ్లదు. ఎండకు పెళుసెక్కి చిన్న చిన్న ముక్కలై మట్టిలో కలుస్తుంది. నాలాలో పడితే మురుగు నీళ్లు ఆగిపోతాయి. మూత లేని సీసాలో వాన నీళ్లు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి. చెత్తతో కలిపి కాలిస్తే ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు.

భంగార్‌లో వేస్తే?
రంగుల వారీగా ఏరి, ముక్కలు చేసి, కడిగి, కరిగించి ఎక్కువగా పాలిస్టర్ పోగు తీస్తారు. మన సోలాపూర్ నేత ఊరు. పోగు విలువ మనకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ అన్నం, కూర తగిలి తడి చెత్తలో కలిసిన సీసాకు ఆ విలువ ఉండదు.

చట్టం ఏమంటుంది?
2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ స్ట్రాలు, గ్లాసులు, ప్లేట్లు, స్పూన్ల వంటివి నిషేధించారు. ఆ జాబితాలో ఈ సీసాలు లేవు. అయితే వాడేసిన ప్యాకింగ్‌ను వెనక్కి సేకరించే బాధ్యతను అదే ఏడాది నిబంధనలు కంపెనీల మీద పెట్టాయి. 2018లో మన మహారాష్ట్ర ప్రభుత్వం సీసా మీద తిరిగి కొనే ధర ముద్రించాలంది. అంగడికి వెళ్లినప్పుడు ఆ ముద్ర ఉందో లేదో చూడండి. జర్మనీలో 2003 నుంచి ఒక్కసారి వాడే సీసాకు 25 సెంట్లు డిపాజిట్ తీసుకుంటారు, ఖాళీ సీసా ఇస్తే వాపసు ఇస్తారు. ఇది మనకు కొత్తేమీ కాదు. మా చిన్నప్పుడు గాజు సీసా తిరిగిస్తేనే అంగడివాడు డబ్బులు వాపసు ఇచ్చేవాడు.

ఇంట్లో పాటించవలసినవి
1. కొనడమే తగ్గించండి. చాలా కోలాల్లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది.
2. ఇంటికి చుట్టాలొస్తే నాలుగు చిన్న సీసాల బదులు ఒక పెద్ద సీసా తెచ్చి గ్లాసుల్లో పోయండి.
3. ఖాళీ సీసాను వంచి, నలిపి, మూత బిగించి పొడి చెత్తలో ఉంచండి. ఘంటాగాడికో భంగార్‌వాలాకో ఇవ్వండి.
4. ఈ సీసాల్లో వేడి నీళ్లు పోయకండి, ముడుచుకుపోతాయి.
5. అన్నిటికన్నా ముఖ్యం: ఫినాయిల్, యాసిడ్, కిరోసిన్, రంగుల మందులు కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టకండి. దాహంతో వచ్చిన పిల్లవాడు సీసాను చూస్తాడు గానీ లోపల ఏముందో చూడడు. ఇప్పటికే అలా పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి.

పాఠశాల నిర్ణయం
ఇకమీదట మన పాఠశాల ఏ కార్యక్రమానికీ సీసా కూల్‌డ్రింకులు తెప్పించదు. మజ్జిగ, నిమ్మరసం స్టీలు గ్లాసుల్లో ఇస్తాం. గ్లాసులు కడగడం పనే, కాదనను. అందుకు తరగతుల వారీగా వంతులు వేస్తాం, మొదటి వంతు ఉపాధ్యాయులది. పుట్టినరోజుకు పిల్లలతో సీసాలు పంపవద్దని తల్లిదండ్రులకు మనవి. నారళీ పూర్ణిమ నాడు మార్కండేయ స్వామి రథోత్సవానికి వెళ్లేటప్పుడు ఇంటి నుంచే నీళ్లు తీసుకెళ్లండి.

– ప్రధానోపాధ్యాయుడు