ఉత్త కాళ్ళ తరం నుంచి శిక్షకులు: అక్రా, హైదరాబాద్, బళ్లారి

బళ్లారి జిల్లా తోరణగల్లు దగ్గర, ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లో బెంగళూరు ఎఫ్‌సీ రెసిడెన్షియల్ ఫుట్‌బాల్ అకాడమీ నడుస్తోంది. 2018లో మొదలైన ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ కూడా అక్కడే ఉంది. మైదానం, వసతి, డబ్బు సమకూరిన ఇలాంటి చోట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆటగాడు కోచ్‌గా మారినప్పుడు వెంట తెచ్చేదేమిటి? ఘనా శిక్షకుడు చార్లెస్ కుమి గ్యాంఫీ జీవితం ఆ ప్రశ్నకు మంచి ఆధారం.

1929లో పుట్టిన గ్యాంఫీ, 1951లో బ్రిటన్ పర్యటనకు వెళ్ళిన గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా) జట్టులో ఆడాడు. ఆ జట్టు ఆడింది ఉత్త కాళ్ళతో. వానకు మెత్తబడిన మైదానాల్లో కాలు నిలవక ఎక్కువ మ్యాచ్‌లు ఓడింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన భారత జట్టులోనూ పలువురికి బూట్లు లేవు. ఆ జట్టు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఈ పరాజయాలను బూట్ల కథగా చెప్పుకోవడం పరిపాటి. అది చాలదని నా అభిప్రాయం. ఉత్త కాళ్ళతో ఆడినవారికి బంతిపై అదుపు పుష్కలంగా ఉంది. కొరవడింది ఆ అదుపును పదకొండు మంది ఉమ్మడి ఆటగా మలిచే సాధన.

ఆ సాధనను రహీం బడిపంతులు ఓర్పుతో రూపొందించారు. వాటం లేని కాలితోనే ఆడాలన్న షరతుతో పోటీలు పెట్టారు, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు కూడా నడిపారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌కు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాపై 2-1 విజయంతో స్వర్ణం దక్కాయి. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు.

అదే ఏడాది చివర్లో అక్రాలో గ్యాంఫీ శిక్షణలో ఘనా తొలి ఆఫ్రికా కప్ అందుకుంది. అంతకుముందు అతను జర్మనీలో ఫార్చూనా డ్యూసెల్‌డార్ఫ్‌కు ఆడివచ్చాడు. 1965లో ట్యునీషియాపై, 1982లో లిబియాపై గెలిచి మరో రెండు కప్పులు తెచ్చాడు. చివరి జట్టులోకి పదిహేడేళ్ళ అబెదీ పెలేను తీసుకోవడం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. బ్రిటన్ బురదలో కుర్రాడిగా తడబడినవాడికి కుర్రాళ్ళపై అంత నమ్మకం ఉండటం సహజమే.

ఇద్దరి వెనకా నిలకడైన అండ ఉంది: ఒకచోట కొత్తగా స్వతంత్రమైన దేశం, మరోచోట పోలీసు శాఖ. బళ్లారిలో ఆ స్థానం ఉక్కు పరిశ్రమది. బెంగళూరు క్లబ్బు రిజర్వ్ జట్టును మాజీ డిఫెండర్ నౌషాద్ మూసా తీర్చిదిద్దడం, 2022లో ఆ క్లబ్బు కుర్రాళ్ళు డెవలప్‌మెంట్ లీగ్ గెలవడం ఈ వరుసలోవే.

అయితే ఆ అండ చుట్టుపక్కల బడులకూ చేరాలంటే భాషను మరవకూడదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర, మైసూరుల మధ్య చీలిన ఈ జిల్లాలో పిల్లల ఇంటి మాట తెలుగు కావచ్చు, కన్నడం కావచ్చు. సిరుగుప్ప, సండూరు బడుల వ్యాయామ ఉపాధ్యాయులకు ఈ రెండు భాషల్లోనూ కోచింగ్ లైసెన్సు పాఠాలు చెప్పే ఏర్పాటు అకాడమీ గేటు లోపలే మొదలవ్వాలి.