ఇనుము కలిపిన ఇరుగుపొరుగులు

జంషెడ్‌పూరు చెంత ఖర్కాయి నది సువర్ణరేఖలో కలియును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆ ఖర్కాయిని దాటిన బాటసారి ఒక ప్రభుత్వమును విడిచి వేరొక ప్రభుత్వమున అడుగిడినట్లే. ఈవలి గట్టు బ్రిటిషువారి సింగభూము జిల్లా. ఆవలి గట్టు సరాయికేలా సంస్థానము. దాని పొరుగున ఖర్సావా, దక్షిణమున మయూరభంజ ఉండెను.

ఈ ఎల్లలను ముందుగా లెక్కసేయనిది ఇనుము. మయూరభంజలోని గోరుమహిసాని కొండలలో మేలైన ఇనుప ఖనిజము కలదని 1904 లో భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు జంషెడ్జీ టాటాకు లేఖ వ్రాసెను. బొగ్గు ఝరియాలో ఉండెను. నీరు సువర్ణరేఖలో ఉండెను. 1907 లో వెలసిన కంపెనీ ఈ మూటిని సాక్చీ అను పల్లె కడకు చేర్చగా 1912 లో తొలి ఉక్కు వెలువడెను. ఆ పల్లెయే 1919 లో జంషెడ్‌పూరు అయ్యెను. సంస్థానపు కొండ బ్రిటిషు నేలపై కరగెను. హోలు, సంతాలులు, బెంగాలీలు, ఒరియాలు, దూరమునుండి వచ్చిన తెలుగువారు ఒకే కొలిమి ఎదుట నిలిచిరి. అయితే దీనిని సమానుల పొత్తు అనరాదు. ఖనిజపు ఒప్పందము కంపెనీకిని మహారాజునకును నడుమ జరిగినదే గాని, కొండ క్రింది పల్లెలు అందు భాగస్వాములు కావు.

రాజకీయ సంయోగము ఆలస్యముగా, తొందరతో వచ్చినది. 1947 ఆగస్టులో ఒరిస్సా, ఛత్తీస్‌గఢ సంస్థానములు పెక్కు రాయపూరు కేంద్రముగా సమాఖ్యగా ఏర్పడినవి. మయూరభంజ, బస్తరు చేరలేదు. ఆ కూటమి ఏడాదియైనను నిలువలేదు. డిసెంబరులో సర్దారు పటేలు కటకమునకు రాగా రాజులు విలీనపత్రములపై సంతకములు చేసిరి. 1948 జనవరి 1 న సరాయికేలా, ఖర్సావాలు ఒరిస్సా పాలనలోనికి పోయినవి. ఆ దినము ఖర్సావాలో సంత. ఒరిస్సాలో కలియుట కిష్టపడక, ప్రత్యేక ఝార్ఖండును కోరుచు, ఆదివాసులు వేలుగా గుమిగూడిరి. ఒరిస్సా పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు 35 మంది అని నాటి పత్రిక వ్రాసినది. ఆ ప్రాంతమువారు చెప్పు సంఖ్య అంతకు అనేక రెట్లు. ఆ లెక్క నేటికిని తేలలేదు.

మే 18 న ఆ రెండు సంస్థానములును బీహారుకు మారినవి. నడుమనున్న మయూరభంజ అప్పటికి ఒరిస్సాలో కలియలేదు గనుక వాటికి ఒరిస్సాతో హద్దు లేదనిరి. 1949 జనవరి 1 న మయూరభంజయు ఒరిస్సాలో చేరెను. బీహారుకు పోయినవి మాత్రము తిరిగి రాలేదు.

మరి రెండేండ్లకు, 1951 లో, యూరపునందు ఆరు దేశములు తమ బొగ్గును, ఉక్కును ఒకే అధికారపీఠము క్రింద ఉంచుటకు పారిసులో ఒడంబడిక చేసికొనినవి. వాటిలో ఫ్రాన్సు, జర్మనీలు అప్పటికి ఆరేండ్ల క్రిందటివరకు శత్రువులు. అచ్చటను ఉక్కే ముందు నడిచినది. కాని ఆరు దేశముల చట్టసభలు చర్చించి ఆమోదించిన పిమ్మటనే 1952 లో ఆ ఒడంబడిక అమలునకు వచ్చెను. ఖర్సావా సంతలో నిలిచినవారికి అట్టి సభ లేకుండెను.

2000 నవంబరు 15 న ఝార్ఖండు రాష్ట్రము ఏర్పడినప్పుడు ఖర్కాయి ఇరుగట్లును అందు చేరినవి. గోరుమహిసాని ఒడిశాలోనే ఉన్నది. ప్రతి జనవరి 1 న ఖర్సావా స్మారకము కడ జనులు గుమిగూడి మృతులను తలచుచుందురు.