సగటు కింద పాతబస్తీ

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. చనిపోయినవాళ్లు 15 వేలని చాలా పుస్తకాలు రాస్తాయి. చాలాకాలం నేనూ ఆ అంకెను అలాగే ఉటంకించాను. చివరనున్న మూడు సున్నాలు ఆ తర్వాతెప్పుడో నన్ను ఆపాయి. మనుషుల్ని ఒక్కొక్కరినే లెక్కపెడితే అంకె అట్లా గుండుగుత్తగా రాదు. అది అంచనా. గుడిసెల్లోవాళ్లెందరు, దేవిడీల్లోవాళ్లెందరు అంటే దాని దగ్గర జవాబు లేదు.

1911లో ప్లేగు వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలను తొలగించి రోడ్లు వేసింది. ఇరుకే రోగానికి మూలమని పాలకులు గుర్తించారు. మరి ఇరుకుకు మూలమేమిటి? ప్రభుత్వ పత్రం ప్రభుత్వం వేసుకున్న ప్రశ్నకే జవాబిస్తుంది. కాబట్టి ఎవరు లెక్కపెట్టారు, ఎందుకు పెట్టారు, ఎవరిని వదిలేశారు అనే మూడు ప్రశ్నలు వేయకుండా ఏ ఆధారాన్నీ మనం నమ్మరాదు.

ఈనాటి ఆధారాలనూ ఇలాగే చూద్దాం. 1969 చట్టం ప్రకారం ప్రతి మరణమూ నమోదు కావాలి. కాని కారణాన్ని ధ్రువీకరించవలసింది చివరి జబ్బులో చూసిన వైద్యుడు. లాడ్‌బజార్‌కు లక్కగాజులు చేసే కార్మికుడు వైద్యం అందక ఇంట్లోనే కన్నుమూస్తే, చావు నమోదవుతుంది, జబ్బు నమోదు కాదు. ఎవరికి ఎక్కువ అన్యాయం జరిగిందో వాళ్ల గురించే ఆధారం తక్కువ!

ఆసుపత్రి రిజిస్టరులో జబ్బు ఉంటుంది. అయితే మూసీ ఒడ్డునున్న ఉస్మానియా ఆసుపత్రికి దూరజిల్లాల రోగులూ వస్తారు. పాతబస్తీవాళ్లు కొందరు ఏ ఆసుపత్రికీ పోరు. వచ్చినవాళ్ల సంఖ్య తెలిసినంత మాత్రాన ఎంతమందిలో ఎందరికి జబ్బో తేలదు.

ఇక సర్వేలు. 2005-06 నాటి మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎనిమిది నగరాల్లో మురికివాడలను విడిగా చూసింది. అందులో హైదరాబాద్ ఒకటి. అది విలువైన పని. 2015-16 సర్వే జిల్లాల వారీ అంకెలిచ్చింది. కాని హైదరాబాద్ జిల్లా అంటే చార్మినారూ, బంజారాహిల్సూ కూడా. రెండింటినీ కలిపి తీసిన సగటులో ఏ ఒక్కటీ కనిపించదు. సంపదను టీవీ, ఫ్రిజ్ వంటి వస్తువులతోనూ కొలిచే దేశవ్యాప్త సూచికలో, ఒక్క గదిలో ఏడుగురున్న అద్దె కుటుంబం కూడా పై మెట్టున నిలబడవచ్చు.

మన ఊహలకూ ఇదే పరీక్ష పెట్టాలి. పేదరికం ఎక్కువున్నచోట పసిబిడ్డల చావులూ ఎక్కువేనని మనం అనుకుంటాం. ముస్లింలలో అయిదేళ్లలోపు పిల్లల మరణాలు దేశ సగటుకంటే తక్కువని 2006 సచార్ కమిటీ నివేదిక చూపింది. ఈ అంకె మన వాదనకు ఇబ్బంది కలిగిస్తుందని దాచిపెడితే మనకూ పాలకులకూ తేడా ఏముంది? దాన్ని చూపి పాతబస్తీకి లోటేమీ లేదనడమూ అంతే అబద్ధం.

పాతబస్తీ గురించి కథ రాసే మిత్రులకు నేను చెప్పేది ఒకటే. చార్మినారునూ అత్తరునూ వర్ణించే ముందు ఆ వార్డు మరణాల రిజిస్టరు అడిగి చూడండి. కారణం గడి ఖాళీగా ఉన్నచోట ఆగండి. ఆ ఇంటి తలుపు తట్టి అడగవలసిన బాధ్యత రచయితది కూడా.