ధనుష్కోటికి దారి

తమిళనాడులోని రామేశ్వరం దీవికి ఆగ్నేయ కొసన, సముద్రంలోకి సన్నగా సాగిన ఇసుక మేట మీద ధనుష్కోటి ఉంది. ఒకవైపు పాక్ జలసంధి, మరోవైపు మన్నార్ సింధుశాఖ. ఎక్కువగా నెమ్మదిగా ఉండే మొదటిదాన్ని అక్కడి జాలర్లు ఆడ సముద్రమనీ, ఉరకలెత్తే రెండోదాన్ని మగ సముద్రమనీ అంటారు. గాలి మళ్లితే ఈ తీరు తారుమారవుతుంది. అప్పుడు పడవలు, వలలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మారతాయి.

రైలు రాకముందు ఇక్కడికి వచ్చేది జాలర్లు, సేతుస్నానం చేసే యాత్రికులే. తెలుగునాట నుంచి కాశీ, రామేశ్వర యాత్ర చేసినవారూ ఈ ఇసుకలో నడిచినవారే. వారి కోసం దారిలో వెలసిన సత్రాల పేర్లు ముకుందరాయర్ చత్రం వంటి చోట్ల నేటికీ నిలిచాయి.

1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన ప్రారంభమైంది. రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ వంతెన మీదుగా మద్రాసు నుంచి బోట్ మెయిల్ నేరుగా ధనుష్కోటి రేవుకు వచ్చేది. అక్కడ దిగినవారు స్టీమరెక్కి సింహళంలోని తలైమన్నార్ చేరి, మళ్లీ రైల్లో కొలంబో వెళ్లేవారు. ప్రయాణమంతటికీ ఒకటే టికెట్. అప్పట్లో అసలు రైలుమార్గం ధనుష్కోటిదే, రామేశ్వరానిది కొమ్మలైను. రేవు వెంట కస్టమ్స్ కార్యాలయం, తపాలా కార్యాలయం వెలిశాయి. అయినా ఆ హంగులన్నీ దాటిపోయే ప్రయాణికుల కోసం వచ్చినవే. ఊరి జాలర్లకు అందింది వాటి మిగులు మాత్రమే.

1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ఊరిని ఊడ్చేసింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు ఉప్పెనలో కొట్టుకుపోయింది. అందులోని వందమందికి పైగా ప్రయాణికుల్లో ఎవరూ మిగల్లేదు. దెబ్బతిన్న పాంబన్ వంతెనను ఇంజనీరు ఇ. శ్రీధరన్ 46 రోజుల్లో నిలబెట్టారు. ధనుష్కోటి పట్టాలను మాత్రం మళ్లీ వేయలేదు, స్టీమరు రామేశ్వరానికి మారింది. ఊరు నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించింది.

చేపలు అక్కడే ఉన్నాయి కనుక జాలర్లు తిరిగొచ్చారు. కూలిన చర్చి గోడల దాపున పాకలు వేసుకున్నారు. ఆడవాళ్లు ఇసుకలో చేతులతో చెలమ తవ్వి, అడుగున ఊరే మంచినీటిని చిప్పతో బిందెల్లోకి తోడుకునేవారు. రెండు పక్కలా ఉప్పు సముద్రం ఉన్నా, ఇసుకలోకి ఇంకిన వాననీరు పైపొరలో నిలవడమే దీనికి కారణం. పట్టిన చేప అమ్మాలన్నా, రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా ఇసుకలో దిగబడుతూ సాగే వ్యాన్లే దిక్కు. లేదంటే కాలినడక. అర్ధ శతాబ్దం ఇలాగే గడిచింది.

2017లో ముకుందరాయర్ చత్రం నుంచి ధనుష్కోటి మీదుగా కొసనున్న అరిచల్‌మునై దాకా 9.5 కిలోమీటర్ల తారురోడ్డు ప్రారంభమైంది. అదీ ప్రధానంగా పర్యాటకులను దృష్టిలో పెట్టుకుని వేసిందే. అయితే ఈసారి ఊరివాళ్లకూ అది నిజంగా ఉపయోగపడింది: ఐసులో పెట్టిన చేప చెడకముందే రామేశ్వరం చేరుతోంది.